యాభై ఐదు దాటిన వకీళ్లకు క్లాసులు: రిటైర్మెంట్ లెక్కలా, పాత చట్టాల చరిత్రా?

పాలమూరు సివిల్:
మా బార్‌లో యాభై ఐదు దాటినవాళ్లకు నాలుగు శనివారాలు క్లాసులు పెడదామంటున్నారు. రెండు రిటైర్మెంట్ పొదుపు మీద, రెండు నిజాం నాటి చట్టాల చరిత్ర మీద. చరిత్ర తీసేసి నాలుగూ డబ్బు మీదే పెట్టాలని నా వాదన. నాకు యాభై ఎనిమిది. మనకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. 1961 అడ్వకేట్స్ చట్టంలో రిటైర్మెంట్ వయసు లేదు కాబట్టి ఓపిక ఉన్నన్నాళ్లూ నల్లకోటు వేసుకోవచ్చని ధీమాగా ఉంటాం. పోయిన ఏడాది మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు మంచం దిగలేదు. ఆ రెండు నెలలూ ఇంట్లోకి రూపాయి రాలేదు. ఇంత టెన్షన్‌లో ఉన్నవాడికి పాత చరిత్ర ఎందుకు?

దేవరకొండ ప్లీడర్:
అన్న చెప్పింది నిజం. వకాల్తా మీద రోజూ వకీళ్ల సంక్షేమ నిధికి వెళ్లే వెల్ఫేర్ స్టాంపు అతికిస్తాం. ఆ నిధిలో మనం సభ్యులమో కాదో ఎందరు చూసుకున్నారు? స్టాంపు అతికించినంత మాత్రాన సభ్యత్వం రాదు, దరఖాస్తు పెట్టుకోవాలి. అరవై నిండితే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి.

నల్లగొండ, 41 ఏళ్ల ప్రాక్టీసు:
తమ్ముళ్లారా, పొదుపు క్లాసు వద్దనను. నేనే ఆలస్యంగా మేలుకున్నాను. కానీ చరిత్రను కాలక్షేపం అనుకుంటే ఒప్పుకోను. మన జిల్లాల్లో అది బతుకుతెరువు.

మొన్న ఎండాకాలంలో ఒక రైతు ప్లాస్టిక్ సంచిలో కాగితాలు తెచ్చాడు. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసిన రెవెన్యూ రికార్డు) నకలు, మడతల దగ్గర చిరిగిపోయిన ఉర్దూ కాగితం ఒకటి, పైన ఫసలీ సంవత్సరం, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం. మా ఆఫీసులో ముగ్గురు జూనియర్లున్నారు, ఎవరికీ అర్థం కాలేదు. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ భూమి అతని తాతకు రక్షిత కౌలుదారుగా, అంటే చట్టం రక్షణ ఉన్న కౌలు రైతుగా వచ్చింది. 1950 కౌలుదారీ చట్టం ఎందుకు వచ్చిందో, అలాంటి కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ అంటే ఏమిటో తెలియకుండా ఆ కేసు ఎట్లా నడుపుతారు? ఆ రోజుల్లో రెవెన్యూ మంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారు మీ పాలమూరు జిల్లాలో పుట్టిన వకీలే.

ఇంకొకటి. మన నల్లగొండలో స్పెషల్ ట్రైబ్యునల్ సాయుధ పోరాట కాలపు కేసుల్లో ఉరిశిక్షలు వేసింది. వాటి మీద జనార్దన్ రెడ్డి కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1951లో తీర్పు వచ్చింది. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి ముద్దాయిల తరఫున వాదించారు. తమకు వకీలును పెట్టకుండానే విచారణ జరిపారన్నది ముద్దాయిల ఫిర్యాదుల్లో ఒకటి. ఈ ఊరి కోర్టులో నిలబడే మనిషికి ఇది తెలియకపోతే నాకు బాధగా ఉంటుంది.

మిర్యాలగూడ జూనియర్:
సార్లకు నమస్కారం. నాకు ప్రాక్టీసులో ఆరేళ్లు. మా సీనియర్ గారు గుండెపోటుతో పోయారు. వెల్ఫేర్ నిధిలో నామినీగా ఇంకా వాళ్లమ్మగారి పేరే ఉంది, ఆమె అంతకుముందే కాలం చేశారు. సార్ భార్య, మా మేడమ్ గారు, ఆ కాగితాల కోసం నెలల తరబడి తిరిగారు. నేను బీరువా తెరిస్తే కట్టలు కట్టలుగా భూమి ఫైళ్లు. ఏ కట్ట ఎందుకు దాచారో ఆయనకే తెలుసు. క్లయింట్లు ఒక్కొక్కరే వేరే వకీళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ ఫైళ్లు చదవడం ఆయన నాకు నేర్పి ఉంటే వాళ్లు ఉండేవాళ్లు, మేడమ్ గారికి కూడా నెలనెలా ఎంతో కొంత ఇవ్వగలిగేదాన్ని. కాబట్టి చరిత్ర క్లాసుకు మమ్మల్ని కూడా రానివ్వండి.

పాలమూరు సివిల్:
అమ్మా, నీ మాట చదివి నా నామినేషన్ కాగితం వెతికాను. పెళ్లికి ముందు నింపింది. రేపే మారుస్తాను. చరిత్ర క్లాసులు తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ డబ్బు క్లాసులు ముందు జరగాలి. పైగా చరిత్ర అంటే తారీఖులు చదివి వినిపించడం కాకూడదు.

దేవరకొండ ప్లీడర్:
నేనింకా ఒప్పుకోలేదు. ఉర్దూ కాగితం చదివించుకోవడానికి మనిషి దొరుకుతాడు, అరవై ఏళ్లకు పొదుపు మొదలుపెట్టినవాడికి పోయిన ఇరవై ఏళ్లు దొరకవు. యాభై ఐదు కాదు, ముప్పై ఐదుకే డబ్బు క్లాసు పెట్టాలి.

నల్లగొండ, 41 ఏళ్ల ప్రాక్టీసు:
ముప్పై ఐదుకే పెట్టాలన్నది మంచి మాట తమ్ముడూ, నేనూ ఒప్పుకుంటాను. పాలమూరు వాళ్లు తారీఖు ఖాయం చేసి చెప్పండి. ఆ రైతును అడిగి, పేర్లు కప్పేసి, పహాణీ జిరాక్సు తెస్తాను. మిర్యాలగూడ అమ్మాయి తన బీరువాలోంచి ఒక కట్ట తేవాలి, దాంతోనే మొదలుపెడదాం.