హెచ్ఓడీ సార్ ఎల్ఓఆర్ (సిఫార్సు ఉత్తరం) లింకు తెరవడం లేదు, గడువు ఐదు రోజులే

తెనాలి_సివిల్ (డిసెంబరు 10)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2022లో సివిల్‌లో బీటెక్ అయింది. మూడేళ్లుగా విజయవాడలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో చేస్తున్నా. అమెరికాలో స్ట్రక్చరల్ ఎమ్మెస్‌కి ఆరు చోట్ల అప్లై చేస్తున్నా. జీఆర్ఈ, టోఫెల్ పరీక్షలు అయిపోయాయి. రెండు గంటలైనా పట్టని జీఆర్ఈకి ఇరవై వేలు దాటి కట్టామని నాన్న ఇంటికి ఎవరొచ్చినా చెప్తూనే ఉన్నారు. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) పద్నాలుగోసారి తిరగరాసి, ఇక ముట్టుకోనని ఒట్టేసుకున్నా. మిగిలింది ఒక్క ఎల్ఓఆర్.

మూడు కావాలి కదా. మా ఆఫీసు సార్ ఇచ్చేశారు. ప్రాజెక్టు గైడ్ మేడమ్ కూడా ఇచ్చేశారు. మూడోది అప్పటి మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) సార్‌ది. ఉత్తరం అప్‌లోడ్ చేసే లింకు యూనివర్సిటీలే సార్ మెయిల్‌కి పంపుతాయి. ఆయన నిరుడు వేరే కాలేజీకి మారారు. పాత కాలేజీ మెయిల్ ఐడీ పోయింది, కొత్త కాలేజీ వాళ్లు ఇంకా ఐడీ ఇవ్వలేదు. జీమెయిల్ పెడితే రెండు యూనివర్సిటీలు ఒప్పుకోలేదు, సంస్థ మెయిలే కావాలన్నాయి.

ఫోన్ చేస్తే "నువ్వే రాసి పంపమ్మా, నేను అప్‌లోడ్ చేస్తాలే" అన్నారు. నా గురించి నేనే అసాధారణ ప్రతిభావంతురాలు అని ఇంగ్లీషులో రాసుకుంటుంటే సిగ్గేసింది. అయినా రాసి పంపా. పదిహేను రోజులైంది. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. పోర్టల్‌లో ఎప్పుడు చూసినా పెండింగే. మూడు యూనివర్సిటీలకి గడువు 15వ తేదీ. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇంకో రెండు సందేహాలు. "ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటారా" అని అప్లికేషన్‌లో ఉంది. హక్కెందుకు వదులుకోవాలని ఒకదాంట్లో "లేదు" పెట్టేశా. తప్పు చేశానా? నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. ఇప్పుడు మార్పించాలా?

మంచులో_గోంగూర

చెల్లీ, నేనిక్కడ అమెరికాలో పీహెచ్‌డీ మూడో ఏడు. కంగారు పడకు. ఉత్తరాల కోసం ఆగకుండా నీ అప్లికేషన్ నువ్వు సబ్మిట్ చేసెయ్. చాలా పోర్టళ్లలో ఎల్ఓఆర్‌లు ఆ తర్వాత కూడా వచ్చి చేరతాయి. కాస్త ఆలస్యమైనా తీసుకునే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి గానీ అన్నీ తీసుకోవు. అందుకే డిపార్ట్‌మెంట్లో అప్లికేషన్లు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఇవాళే నాలుగు లైన్లు రాయి: సార్ కాలేజీ మారారు, సంస్థ మెయిల్ ఇంకా రాలేదు, జీమెయిల్ పనికొస్తుందా అని. మెయిల్‌కి జవాబిచ్చే మనుషులు అక్కడుంటారు, పోర్టల్ చూసి భయపడకు.

15వ తేదీ రాత్రి 11:59 ఈస్టర్న్ టైమ్ అంటే మనకి 16న పొద్దున 10:29. అలాగని చివరిదాకా లాగొద్దు. నాకు ఆఖరి గంటలో డెబిట్ కార్డు పనిచేయలేదు. అందులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోవాలని అప్పటిదాకా తెలియదు. మా బాబాయి కొడుకుని నిద్రలేపి వాడి కార్డుతో కట్టించా.

హక్కు సంగతి. 1974 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం, చేరిన విద్యార్థి తన ఫైలు చూసుకోవచ్చు. ఆ హక్కు వదులుకుంటేనే ఉత్తరం రాసేవాళ్లు మొహమాటం లేకుండా రాస్తారని ఇక్కడివాళ్ల నమ్మకం. మిగతావాటిలో "అవును" పెట్టు. (మన దగ్గర ఉత్తరం మనమే రాసి, దాన్ని చూసే హక్కు వదులుకుంటున్నామని సంతకం కూడా మనమే పెడతాం. ఇది మా ప్రొఫెసర్‌కి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.)

పాస్‌పోర్టు ఈ వారం ముట్టుకోకు, జీఆర్ఈ ఆ పేరుతోనే రాశావు కదా. కానీ అడ్మిట్ వచ్చాక, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తీసుకునేలోపు ఇంటిపేరు విడిగా పెట్టించుకో, యూనివర్సిటీకి కూడా చెప్పు. నేను బద్ధకించా. వీసాలో ఇంటిపేరు గడిలో నా పేరంతా వచ్చింది, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడింది, అంటే మొదటి పేరు తెలియదని. ఆసుపత్రిలో నర్సు "ఫ్నూ" అని పిలుస్తుంటే ఎవరినో అనుకుని కూర్చున్నా.

బోర్డు_డస్టర్

అమ్మా, నేను అవతలి గట్టు మనిషిని. పన్నెండేళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్తున్నా. "నువ్వే రాసి పంపు" అన్న పాపం నాదీ ఉంది.

నవంబరు వస్తే ఒక్కో పిల్లాడు ఎనిమిదేసి యూనివర్సిటీలకి మా పేరిస్తాడు. ఒక్కోదానికీ వేరే లింకు, వేరే ఫారం. ఈ విద్యార్థి మొదటి 5 శాతంలోనా, 10 శాతంలోనా అని టిక్కు పెట్టమంటుంది. అదే సమయానికి ఇంటర్నల్ పరీక్షలు, న్యాక్ (కాలేజీకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు. పైగా ఆ మెయిళ్లు సగం స్పామ్‌లో పడతాయి. మీ సార్ నిన్ను కాదనలేదు, ఆయనకి లింకే కనబడి ఉండదు. వాట్సాప్ ఆపి మనిషిని వెళ్లి కలువు. ల్యాబ్ అయ్యే వేళకి వెళ్తే దొరుకుతారు.

ఆ ప్రతిభావంతురాలి డ్రాఫ్ట్ మాత్రం పక్కన పెట్టు. నా దగ్గరకొచ్చే ప్రతి డ్రాఫ్ట్‌లోనూ ఆ మాటే, మూడు ఉత్తరాల్లోనూ ఒకే ఇంగ్లీషు. ఒక కాగితం మీద ఆయన దగ్గర ఏ సబ్జెక్టు చదివావో, ఏ ల్యాబ్ చేశావో, ఆయన చూసిన ఒక సంఘటన రాసి పట్టుకెళ్లు. పొగడ్త ఆయన చూసుకుంటారు.

అమీర్‌పేట_బాధితుడు

మాకు కన్సల్టెన్సీ వాళ్లు ఎస్ఓపీ కూడా రాసిచ్చారు బ్రో. నాదీ మా రూమ్మేట్‌దీ ఒకేలా మొదలైంది: చిన్నప్పుడు రేడియో విప్పదీశాం. మా ఇంట్లో రేడియోనే లేదు.

తెనాలి_సివిల్ (డిసెంబరు 13)

అందరికీ థ్యాంక్స్. అక్కా, కోఆర్డినేటర్లకి రాశా. ఒకరు మర్నాడే జవాబిచ్చారు. సార్ ఉద్యోగం చేస్తున్నట్టు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం జతచేస్తే జీమెయిల్ చాలన్నారు. రెండోవాళ్లు ఇంకా పలకలేదు.

మాస్టారూ, మీరన్నట్టే నిన్న నాన్నా నేనూ బస్సెక్కి వెళ్లాం. ఆరు లింకుల్లో నాలుగు స్పామ్‌లో దొరికాయి. సార్ నా డ్రాఫ్ట్ తెరిచి ఒకసారి చూసి తీసేశారు. నేను తీసుకెళ్లిన కాగితమూ పూర్తిగా చదవలేదు. ఆయనకే గుర్తుందట: కాంక్రీటు క్యూబుల బలం పరీక్షించాల్సిన 28వ రోజు సంక్రాంతి సెలవుల్లో పడితే, నేనొక్కదాన్నే కాలేజీకి వచ్చి అటెండర్ చేత ల్యాబ్ తీయించి పరీక్ష చేశానని. అదే రాశారు. హక్కు వదులుకున్నా కదా అని నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నా. సార్ మాత్రం మొత్తం తెలుగులో నాన్నకి చెప్పి వినిపించారు. వచ్చేటప్పుడు బస్సులో నాన్న జీఆర్ఈ ఫీజు ఊసెత్తలేదు.

నాలుగిట్లో ఆకుపచ్చ టిక్కు వచ్చింది. లెటర్‌హెడ్ కాగితం సోమవారం పొద్దున ఇస్తామన్నారు. పాస్‌పోర్టు సంగతి జనవరిలో చూస్తా.