స్కూలు గ్రాంటు మురిగిపోకుండా బ్యాంకు అనుభవం ఎలా ఉపయోగపడుతుంది?

ప్రశ్న:
మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలో 112 మంది పిల్లలు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషిని కదా, లెక్కలు కాస్త చూసిపెట్టమని హెచ్‌ఎం గారు అడిగారు. ప్రభుత్వ నిధుల చెల్లింపులు జరిగే పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్ నాకు కొత్త. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు:
ముందు ఒక సంగతి సార్. సమగ్ర శిక్ష (బడులకు నిధులిచ్చే ప్రభుత్వ పథకం) ఖాతాలో స్కూలుకు వచ్చేది డబ్బు కాదు, లిమిట్, అంటే ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చన్న అనుమతి. 2021లో పద్ధతి మారింది. ఆ పద్ధతిలో నిధులన్నీ రాష్ట్ర స్థాయిలో ఒకే ఖాతాలో ఉంటాయి, స్కూలుది జీరో బ్యాలెన్స్ అనుబంధ ఖాతా. పాస్‌బుక్‌లో సున్నా చూసి గ్రాంటు రాలేదనుకుంటే మోసపోతాం. పీఎఫ్‌ఎంఎస్‌లో లిమిట్ చూడాలి. మార్చి 31 లోపు వాడకపోతే అది వెనక్కి పోతుంది.

112 మంది అంటే కాంపోజిట్ గ్రాంటు (స్కూలు నిర్వహణ ఖర్చులకిచ్చేది) 101-250 మంది పిల్లల శ్లాబు, ఏడాదికి 50,000 రూపాయల వరకు. అందులో కనీసం 10 శాతం పారిశుద్ధ్యానికే. యూడైస్‌లో, అంటే బడుల వివరాలెక్కించే ప్రభుత్వ డేటాబేస్‌లో, సంఖ్య 100కి పడిందా, శ్లాబు 25,000కి దిగుతుంది. కాబట్టి చేరికలన్నీ ఎక్కాయో లేదో మొదట అదే చూడండి. ఆటల గ్రాంటు వేరుగా 10,000 వరకు ఉంటుంది.

ఇక చెల్లింపు. షాపు ఖాతాను ముందు పీఎఫ్‌ఎంఎస్‌లో వెండర్‌గా (సొమ్ము అందుకునేవారిగా) నమోదు చేయాలి, అది సరైనదేనని ఖరారు కావడానికి కొంత టైము పడుతుంది. తర్వాత ఒక లాగిన్‌తో మేకర్ బిల్లు ఎక్కిస్తారు, ఇంకో లాగిన్‌తో చెకర్ ఆమోదిస్తారు, పీపీఏ (బ్యాంకుకిచ్చే చెల్లింపు పత్రం) ప్రింటు వస్తుంది. సంతకాలు పెట్టి గడువు లోపు బ్యాంకులో ఇవ్వాలి. గడువు దాటితే అది రద్దు, మళ్లీ మొదటికి. మార్చి ఆఖరి వారంలో వెండర్ నమోదు పెట్టుకుంటే లిమిట్ పోయినట్టే. జనవరికల్లా వెండర్లు సిద్ధంగా ఉండాలి.

మరో సభ్యుడు:
చెల్లింపు తిరిగొచ్చే కేసుల్లో బ్యాంకు బ్రాంచి కోడు ఐఎఫ్‌ఎస్‌సీ ఒకసారి చూడండి. ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, కొన్ని షాపుల బిల్లుబుక్కుల మీద ఇంకా ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడే ఉంటుంది. ఇప్పుడది యూబీఐఎన్. గ్రామీణ బ్యాంకులు కూడా 2025లో కలిసిపోయాయి కదా, వాటి ఖాతాదారుల దగ్గరా కొత్త కోడు అడిగి తీసుకోండి. బిల్లు మీద పేరూ ఖాతా పేరూ ఒకటే ఉండాలి.

ప్రశ్న:
బీరువాలో స్కూలు కమిటీ పేరున పాత పాస్‌బుక్కులు రెండు దొరికాయి. 2016 తర్వాత లావాదేవీల్లేవు. చెకర్ లాగిన్ కూడా నన్నే చూసుకోమంటున్నారు.

జవాబు:
లాగిన్ మాత్రం ముట్టుకోవద్దు. పాస్‌వర్డు, ఓటీపీ ఎవరివి వారి దగ్గరే ఉండాలి. ఆడిట్‌లో మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది. మీ పని నెలకోసారి క్యాష్‌బుక్, పీఎఫ్‌ఎంఎస్ నివేదిక, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ పక్కపక్కన పెట్టి తేడాలు రాయడం. అచ్చం బ్రాంచి రీకన్సిలియేషనే, మీకు కొట్టిన పిండి.

పాత ఖాతాలు రెండేళ్లు కదలకపోతే ఇనాపరేటివ్ (స్తంభించినవి), పదేళ్లు దాటితే సొమ్ము ఎవరూ అడగని డిపాజిట్లుండే ఆర్‌బీఐ డెఫ్ నిధికి పోతుంది. పోయినా బ్యాంకు ద్వారా క్లెయిమ్ చేసుకోవచ్చు. తిరిగి తెరవడానికి ఛార్జీ లేదు. కమిటీ తీర్మానం, కొత్త సంతకందారుల కేవైసీ పట్టుకెళ్లండి. కానీ అందులో గ్రాంటు మిగులు ఉంటే ఖర్చు పెట్టకూడదు, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని అడిగి వెనక్కి జమ చేయాలి. దాతల సొమ్మయితే వేరే ఖాతాలో ఉంచండి. ఆర్నెల్ల వరకు అక్కర్లేని భాగాన్ని కమిటీ పేరునే ఎఫ్‌డీ వేయొచ్చు, హెచ్‌ఎం గారి సొంత పేరున మాత్రం వద్దు.

ఇంకోటి: హెచ్‌ఎం గారికి బదిలీ అయితే రిలీవ్ అయ్యే ముందే సంతకం మార్పు కాగితాలు బ్రాంచిలో ఇప్పించండి.