బెలూం గుహలకు పిల్లల్ని తీసుకెళ్తున్నాం, ముట్టుకోవద్దని ఎట్లా నచ్చజెప్పాలి?

కనిగిరి టీచర్

అందరికీ నమస్కారం. కనిగిరి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని బెలూం తీసుకెళ్లడానికి హెడ్మాస్టరు గారు సరేనన్నారు. ఒక బస్సు నిండా పిల్లలు, మేం ముగ్గురం టీచర్లం. గిద్దలూరు, నంద్యాల ఘాట్, బనగానపల్లె మీదుగా వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయాలి.

మా ల్యాబ్ అల్మరాలో దూది మీద పెట్టిన స్టాలక్టైట్ (గుహ పైకప్పు నుంచి వేలాడే సున్నపు రాయి) ముక్క ఒకటుంది. జానెడు ఉంటుంది. ఎవరు తెచ్చారో పాత స్టాఫులో కూడా ఎవరికీ తెలియదు. కింద చీటీ మీద "గుహ రాయి" అని మాత్రం ఉంది. ట్రిప్పు సంగతి చెప్పగానే ఒక పిల్లవాడు "మేడమ్, మనం కూడా ఒకటి తెచ్చి దీని పక్కన పెడదామా?" అన్నాడు. వాడి తప్పేముంది, కళ్లెదురుగా అల్మరాలో పెట్టింది మేమే కదా.

చేత్తో ముట్టుకుంటే నిజంగా పాడవుతుందా, లేక బోర్డుల మీద ఊరికే రాస్తారా? "ముట్టుకోవద్దు" అంటే ముందు ముట్టుకునే వయసు వాళ్లది. వాళ్లకు ఎట్లా చెప్పాలి? వెంట ఏం తీసుకెళ్లాలి, ఏం వద్దు? ఇంకోటి, ఈ ముక్కను ఏం చేయమంటారు? తీసుకెళ్లి గుహలోనే పెట్టేస్తే మంచిదా?

ఒంగోలు బాబాయ్

అమ్మా, మీరు మరీ సున్నితం. బెలూం చుట్టుపక్కల ఒకసారి చూడండి. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, సున్నపురాయి కొండలకు కొండలే కరిగిపోతున్నాయి. లోపల దారి వేశారు, లైట్లు పెట్టారు, గాలి కోసం గొట్టాలు దించారు. ఇంత జరిగాక తొమ్మిదో తరగతి పిల్లాడి వేలిముద్ర గురించి చర్చా? ఎంజాయ్ చేయనివ్వండి. దారిలో నంద్యాలలో భోజనం బాగుంటుంది.

చీమకుర్తి సర్వేయరు

మేడమ్ గారూ, ముందు నా సంగతి చెప్పాలి, లేకుంటే బాబాయ్ నన్నూ పట్టుకుంటాడు. మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ క్వారీలో సర్వే పని. పొద్దున లేస్తే వైరు సా (తీగ రంపం) పెట్టి కొండను బ్లాకులుగా కోయించడమే నా బతుకుతెరువు. ఫిబ్రవరిలో వీలైనప్పుడల్లా సెలవు పెట్టి మేఘాలయ పోతాను. అక్కడి గుహలకు వానల్లేని ఆ నెలే అదను. టేపు, దిక్సూచి పట్టుకుని బురదలో పాక్కుంటూ మ్యాపులు గీసే వాళ్ల వెంట తిరుగుతాను. "ఇక్కడ చూసే రాళ్లు చాలవా" అని మా ఆవిడ ఏటా అడుగుతుంది.

బాబాయ్ చెప్పింది అబద్ధం కాదు. కానీ మా క్వారీలో ఒక బ్లాకుకు పగులొచ్చి వేస్టు డంపుకి పోయిందనుకోండి, కింది బెంచిలో (క్వారీలో మెట్టులా కోసిన అంతస్తును అట్లా అంటాం) అదే రాయి, అదే మెరుపు మళ్లీ దొరుకుతుంది. గుహలో వేలాడేదానికి కింది బెంచి లేదు. మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప. మీ అల్మరాలో జానెడు ముక్క ఇరవై సెంటీమీటర్లు అనుకోండి. ఆ లెక్కన 2000 ఏళ్లు. అది మొదలైనప్పుడు ఇక్కడ శాతవాహనులు ఏలుతున్నారు. ఒక్కో గుహలో వేగం ఒక్కో రకం. నీటి చుక్క ఆగిపోయిన చోట పెరగడమే ఉండదు.

ఇక ముట్టుకోవడం. రాయి మీద పల్చటి నీటి పొర జారుతూ ఉంటుంది. అందులోంచి కార్బన్ డై ఆక్సైడ్ గాల్లోకి పోతే సున్నం రాయికి అంటుకుంటుంది. మన వేళ్ల జిడ్డు తగిలిన చోట ఆ పొర పరుచుకోక పక్కకి తప్పుకుంటుంది, అక్కడ పెరుగుదల దెబ్బతింటుంది. బురద చెయ్యి పెడితే ఇంకా అన్యాయం. ఆ మరక మీద కొత్త సున్నం పేరుకుని మరకను లోపలే బిగించేస్తుంది. తర్వాత ఎంత కడిగినా పోదు. ఒక్క వేలితో కొంపేం మునగదు, నిజమే. మీ వెనక ఇంకో బస్సు వస్తుంది, దాని వెనక ఇంకోటి. జనం చెయ్యి వేసే ఎత్తులో రాయి నల్లగా నిగనిగలాడుతూ, దానికి జానెడు పైన తెల్లగా ఉండటం జనం తిరిగే ఏ గుహలోనైనా చూడొచ్చు.

అయితే నన్నడిగితే చేతుల కంటే కాళ్లు, వీపులే ఎక్కువ చెడగొడతాయి. దీని గురించి బోర్డుల మీద ఎవరూ రాయరు. అందరూ పైకి చూస్తూ నడుస్తారు. కింద నేల మీద పెంకులాంటి సున్నపు పొర ఉంటుంది, చిన్న చిన్న మడుగులకు సున్నపు గట్లుంటాయి, ఒక్కోచోట చుక్క పడేచోట గుండ్రటి సున్నపు గోళీలుంటాయి, వాటిని గుహ ముత్యాలంటారు. చెప్పు కింద పడి నలిగితే చప్పుడు కూడా సరిగా వినపడదు. అందుకే మేం కొత్త గుహలోకి పోతే ముందువాడి అడుగులోనే అడుగేసుకుంటూ ఒకే వరసలో పోతాం. దారికి రెండు పక్కలా రంగు టేపు పరుస్తాం. ఎంత ఆశ పుట్టినా టేపు దాటం.

బ్యాగుల సంగతి మరీ దారుణం. మేఘాలయలో ఒకచోట పైకప్పు నిండా స్ట్రాలు. కూల్‌డ్రింకులో వేసుకునే స్ట్రా అంత లావు, లోపల బోలు. పక్కనుంచి లైటు కొడితే గొట్టంలో నీళ్లు దిగడం కనపడింది. కొసన చుక్క నిలబడి, ఆ చుక్క చుట్టూ తెల్లటి ఉంగరం ఏర్పడుతోంది. ఆ ఉంగరం మీద ఉంగరం పేరుకునే ఆ గొట్టం తయారైంది. మా వెనకాల ఉన్నతను ఫోటో కోసం పక్కకి తిరిగాడు. చెయ్యి తగల్లేదు, వీపు మీది సంచి తగిలింది. కాబట్టి మేడమ్, బ్యాగులన్నీ బస్సులో వదిలేయించండి. మంచినీళ్ల సీసా ఒక్కటి చేతిలో చాలు. లోపల బాగా ఉక్కపోస్తుంది, నీళ్లు తప్పనిసరి. ఆయాసం ఉన్న పిల్లలుంటే ముందే కనుక్కోండి. మిక్చర్, బిస్కెట్లు వద్దు. రాలిన పలుకులకు చీమలు, బూజు చేరతాయి.

బెలూంలో నడిచే దారి ఉంది కాబట్టి మీకు కాళ్ల బెంగ తక్కువ. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర జనానికి తెరిచారు. ఒకప్పుడు చుట్టుపక్కల చెత్త తెచ్చి పోసిన చోటది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూవిజ్ఞాని రాసిపెట్టాక దాదాపు వందేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి కొలిచాడు. 2002లో టూరిజం వాళ్లు జనానికి తెరిచారు. "చెత్తకుప్పను గుహగా మార్చడం చేతనైన మనకి గుహను చెత్తకుప్ప చేయకుండా ఉండటం కష్టమా" అని పిల్లల్ని అడగండి, బాగానే ఎక్కుతుంది.

ఇంకొక్క మాట. అక్కడ సప్తస్వరాల గుహ అని ఉంది, తడితే మోగే రాళ్లు. దయచేసి మోగించమని ఎవర్నీ అడగొద్దు, పిల్లల్ని అడగనివ్వొద్దు. పల్చగా ఉంది కాబట్టే మోగుతుంది, పల్చనిదే ముందు పగులుతుంది. మా పనిలో సుత్తితో తట్టి చప్పుడును బట్టి రాయిలో పగులుందో లేదో చెప్పే ముసలాయన ఒకడున్నాడు. ఆయన కూడా ఒక రాయిని రోజూ తట్టడు.

గూడూరు కుర్రోడు

అన్నా బాగా చెప్పావ్. నేనొకటి చెప్తా, ట్రిప్పుకి సంబంధం లేదు గానీ చదివే పిల్లోళ్ల కోసరం. మా గూడూరు, సైదాపురం పక్క పాత మైకా గనులుండాయి గదా. రీల్స్ కోసరం మా ఊరోళ్లు వాటిని "గుహలు" అని పెట్టి దిగతా ఉండారు. అయి గుహలు కాదు సామీ. మనుషులు తవ్వి వదిలేసిన గుంతలు. పైన రాయి ఎప్పుడు జారిద్దో తెలీదు, అడుగున నీళ్లు, చెడ్డ గాలి. పూడిక తీయడానికి బావిలో దిగి ఊపిరాడక పోయినోళ్ల సంగతి ఏ ఊళ్లో అడిగినా చెప్తారు. అట్టాంటిదే ఇదీ. దీపం ఎలగతా ఉంటే గాలి బాగున్నట్టేనంటారు పెద్దోళ్లు, నమ్మొద్దు. దీపం ఆరకముందే మనిషికి తల తిరగడం మొదలైద్ది.

చీమకుర్తి సర్వేయరు

నూటికి నూరు పాళ్లు కరెక్టు తమ్ముడూ. గుహ వేల ఏళ్లుగా తన బరువు తాను మోసుకుంటూ నిలబడింది. గని నిలబడింది మనం పెట్టిన ఆధారాల మీద. అవి పుచ్చిపోయాక అడిగేవాడు లేడు.

కనిగిరి టీచర్

సర్వేయరు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్సండి. బ్యాగుల మాట నాకు తట్టనే లేదు. బాబాయ్ గారూ, భోజనం సంగతి గుర్తుంచుకుంటాను!

బయలుదేరే ముందు క్లాసులో చేసి చూపించగలిగేది ఏదైనా ఉంటే చెప్పండి. మావాళ్లు చేత్తో చేసింది మర్చిపోరు. ల్యాబ్ ముక్క సంగతి కూడా చెప్పలేదు మీరు.

చీమకుర్తి సర్వేయరు

సున్నపు తేట ప్రయోగం మీకు తెలిసిందే. గొట్టంతో ఊదితే పాలలా మారుతుంది, అందరూ అక్కడితో ఆపేస్తారు. మీరు ఆపొద్దు. పాలరాయి ముక్కల మీద సజల హైడ్రోక్లోరికామ్లం పోసి వచ్చే గ్యాసును పంపిస్తూనే ఉండండి (నోటితో ఊదితే దవడలు నొప్పి పుడతాయి, పని కాదు). తేటను సగానికి సగం నీళ్లు కలిపి పల్చన చేస్తే తొందరగా అవుతుంది. పాలలా ఉన్నది మెల్లగా మళ్లీ తేరుకుంటుంది. వాన నీరు మట్టిలోని కార్బన్ డై ఆక్సైడును పీల్చుకుని సున్నపురాయిని కరిగించడం అంటే అదే, గుహ ఏర్పడింది అట్లాగే. ఇప్పుడా తేరిన నీటిని వేడి చేయండి. గ్యాసు పోయి మళ్లీ తెల్లబడుతుంది. స్టాలక్టైట్ అంటే ఇదే. గుహలో వేడి అక్కర్లేదు, గ్యాసు దానంతటదే పోతుంది, కాకపోతే తొందర ఉండదు. ఒకే గాజుగొట్టంలో గుహ తవ్వడం, గుహ అలంకరించడం రెండూ చూపించొచ్చు.

జిడ్డు కోసం మార్కాపురం పలక ఒకటి చాలు. శుభ్రంగా సబ్బుతో కడిగి ఆరబెట్టి, సగభాగం మీద ఒక పిల్లాడి చేత నుదురు తుడుచుకున్న వేళ్లతో రుద్దించండి. పలకను ఏటవాలుగా పట్టి పైనుంచి నీళ్లు వదలండి. కడిగిన సగంలో పరుచుకుంటుంది, రుద్దిన సగంలో విడివిడిగా పాయలు తీస్తుంది. ఇది చూశాక "ముట్టుకోవద్దు" అని చెప్పే పని మీకు ఉండకపోవచ్చు. ఉన్నా కొందరికే.

గుహలో వాళ్లకొక పని కూడా అప్పజెప్పండి. జనం తిరిగే గుహల్లో లైట్ల పక్కన రాయి మీద ఆకుపచ్చగా నాచు పడుతుంది. వెలుతురు లేని చోట మొక్క జాతి బతకదు, మనం పెట్టిన దీపమే దాన్ని పిలుస్తుంది. ఎవరు ముందు కనిపెడతారో చూడమనండి. చేతులు జేబుల్లో పెట్టుకుని వెతకాలి అనేది ఆట రూలు.

ల్యాబ్ ముక్కను గుహలో పెట్టకండి. ఏ గుహదో తెలియదు, తీసుకెళ్లి పడేస్తే అది అక్కడ ఇంకో చెత్త. విరిగిన కొసను తడిపి భూతద్దంతో చూపించండి, నడిమధ్యన సన్న రంధ్రం, చుట్టూ పొరలు కనపడాలి. ఆ పొరల్లో పాత వానల లెక్క ఉంటుంది. మేఘాలయలోని మామ్లూ గుహలో దొరికిన ఒక స్టాలగ్మైట్‌ను (నేల మీంచి పైకి పెరిగే రాయి) పరీక్షించి, 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బాగా బలహీనపడ్డాయని తేల్చారు. 2018లో ప్రపంచ భూవిజ్ఞాన సంఘం మనం ఇప్పుడున్న భూకాలానికి "మేఘాలయన్" అని పేరు పెట్టింది ఆ రాయిని చూసే. చీటీ మాత్రం మార్చండి. "గుహ రాయి" బదులు "బహుశా 2000 ఏళ్లు, విరిచి తెచ్చినవారు ఎవరో తెలియదు" అని రాయండి.

వైపాలెం వాసు

అన్నా, మాది యర్రగొండపాలెం. పల్నాడు వైపు మా మామ వాళ్ల ఊరి పైన ఒక చిన్న బిలం ఉంది. పాక్కుంటూ పోతే లోపల నువ్వు చెప్పిన స్ట్రాలు ఉన్నాయి, కింద గుండ్రటి తెల్ల గోళీలు కూడా. ఫోటోలు తీశా. లొకేషన్ పిన్ పెట్టనా ఇక్కడ? అందరూ చూస్తారు గదా.

చీమకుర్తి సర్వేయరు

పెట్టొద్దు వాసూ. ఇక్కడ కాదు, ఫేస్‌బుక్‌లో కాదు, వాట్సాప్ స్టేటస్‌లో కూడా వద్దు. గుహలు తిరిగే వాళ్లలో ఇది మొదటి నియమం. కాపలా లేని గుహకు దారి చెప్పకపోవడమే కాపలా. ఫోటో పంపినా దానిలో లొకేషన్ దాగి ఉంటుంది, ఫోన్ సెట్టింగుల్లో అది తీసేసి పంపు. ఆ గోళీలు గుహ ముత్యాలే అనుకుంటా. ఒక్కటీ జేబులో వేసుకోలేదు గదా?

అడవి హద్దుల్లో ఉంటే మళ్లీ వెళ్లొద్దు. నల్లమలలో చాలా భాగం పులుల రిజర్వు, అనుమతి లేకుండా అడుగు పెట్టడమే కేసు. ముందు ఫారెస్టు వాళ్లకు చెప్పు. పట్టా భూమి అయితే ఆ రైతుకు చెప్పి, ఆయన సరేనంటేనే. ఒక్కడివీ పోవద్దు, హెల్మెట్ లేకుండా పోవద్దు. ఒక్కొక్కరి దగ్గర మూడు లైట్లుండాలి, ఫోన్ లైటును లైటుగా లెక్కెయ్యొద్దు. బయట ఒక మనిషికి "ఇన్ని గంటలకు రాకపోతే వెతకండి" అని చెప్పి పోవాలి. మబ్బు పట్టిన రోజు అసలే వద్దు. 2018లో థాయ్‌లాండులో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకుపోయింది లోపలికి వాన నీరు రాబట్టే. గబ్బిలాలుంటే లైటు వాటి మీద కొట్టకుండా వెనక్కి వచ్చెయ్.

అనుమతి దొరికితే నాకు మెసేజ్ పెట్టు. టేపు, దిక్సూచి నా దగ్గరున్నాయి, వచ్చి కొలుద్దాం. మ్యాపు గీశాక దాని మీద ఊరి పేరు మాత్రం రాయను.

కనిగిరి టీచర్

వాసూ, ఊరి పేరు నేనూ అడగను. కానీ గోళీల ఫోటో ఒక్కటి, లొకేషన్ తీసేసి పంపవా? మా పిల్లలకు చూపిస్తా. పలక ప్రయోగం ఈ రోజు చేయించాను. రుద్దిన వైపు నీళ్లు పాయలు తీసేసరికి ఒకమ్మాయి "మేడమ్, మరి తల వెంట్రుకలకు కొబ్బరి నూనె రాసుకుని రావొచ్చా? పైకప్పు తగిలితే?" అంది. రేపటికి ఎవరైనా జవాబు చెప్పండి.

చీమకుర్తి సర్వేయరు

రావొద్దు. టోపీ పెట్టమనండి.