ఏ డ్రోన్ కొనాలి: మినీ 4 ప్రోనా, ఎయిర్ 3ఎస్సా, పాత మావిక్ 3నా? బెంగళూరులో ఉండేవాళ్లు చెప్పండి

కదిరి_కెమెరా:
అందరికీ నమస్తే. ఉండేది మారతహళ్లిలో, సొంతూరు కదిరి పక్కన. పదేళ్లుగా కెమెరా చేతిలో ఉంది, గుళ్లు, జాతరలు, పక్షులు తీసుకుంటుంటాను, డబ్బుల కోసం కాదు. ఇప్పుడు డ్రోన్‌తో పైనుంచి తీయాలనే పిచ్చి పట్టింది. వేరుశనగ పచ్చగా ఉన్నప్పుడు మా ఊరి చెరువు, వెనక కొండలు, ఇంకా తిమ్మమ్మ మర్రిమాను మొత్తం ఒక్క ఫోటోలో పట్టాలని కోరిక. బడ్జెట్ లక్ష, కాస్త అటూ ఇటూ. మినీ 4 ప్రో 249 గ్రాములే, బ్యాగులో ఓ మూల పడుంటుంది. ఎయిర్ 3ఎస్‌లో ఒక అంగుళం సెన్సర్, పైగా దూరంవి దగ్గరగా చూపే 70 మి.మీ. రెండో లెన్స్. ఆఫీసులో ఒకతను పాత మావిక్ 3 అమ్ముతానంటున్నాడు, దాని సెన్సర్ ఈ రెండింటికన్నా పెద్దది. వీడియోలు చూసీ చూసీ బుర్ర వేడెక్కింది, ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. నాకు ఫోటోనే ముఖ్యం. ఏది తీసుకోమంటారు?

గాలిపటం_09:
మావిక్ 3 కళ్లు మూసుకుని తీసేసుకో బ్రో. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 2.8 నుంచి 11 దాకా మార్చుకోవచ్చు, మినీ 4 ప్రోలో అది ఎఫ్ 1.7 దగ్గర బిగించేసి ఉంటుంది. పొద్దున్నే తీసిన ఫోటోలో నీడల్లోంచి డీటెయిల్ లాగేటప్పుడు తేడా నీకే తెలుస్తుంది.

రెండో_బ్యాటరీ:
ఫోటో వరకు పైన చెప్పింది నిజమే. కానీ ఆ మావిక్ 895 గ్రాములు, మన దేశంలో కథంతా 250 గ్రాముల దగ్గరే తిరుగుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి రెండు కిలోల దాకా మైక్రో. సరదాకి ఎగరేసుకుంటే మైక్రోకి కూడా పైలట్ సర్టిఫికెట్ అడగరు, అంతవరకూ బాగానే ఉంది, కానీ మైక్రోకి రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందనే ప్రభుత్వ ధ్రువీకరణ, ఉండాలి, చిక్కంతా అక్కడే. నానోకి ఆ గొడవ లేదు. ఎయిర్ 3ఎస్ 724 గ్రాములు, అదీ మావిక్ బుట్టలోదే. అన్నట్టు మినీ 4 ప్రోకి పెద్ద బ్యాటరీ తగిలిస్తే అది కూడా 250 దాటేస్తుంది, చాలామంది ఇది చూసుకోరు.

ఇంకా పెద్ద సంగతి, 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు తప్ప రాకూడదు, ఊడదీసి ముక్కలుగా తెచ్చి ఇక్కడ బిగించుకుంటామన్నా కుదరదు, విడిభాగాలు మాత్రం రావచ్చు. మినీ 4 ప్రో వచ్చింది 2023లో, ఎయిర్ 3ఎస్ 2024లో. మరి షాపులో సీలు తీయని డబ్బా ఎలా కూర్చుందో నువ్వే ఆలోచించు. అమెరికా నుంచి వచ్చే బావ సూట్‌కేసులో తెప్పించుకుందాం అనుకుంటారు, ఎయిర్‌పోర్టులో ఆపితే అంతే సంగతులు.

పైగా నీది మారతహళ్లి. పక్కనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం, ఉత్తరాన జక్కూరు, యలహంక వైమానిక స్థావరం, ఇంకా పైకి పోతే దేవనహళ్లి. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ఒకసారి తెరిచి చూడు. పచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా ఎవరినీ అడగక్కర్లేదు, పసుపైతే ఏటీసీ (విమానాల రాకపోకలు చూసే కంట్రోల్) అనుమతి, ఎరుపైతే కేంద్రం అనుమతి. మిద్దె మీద నుంచి ఒక్కసారి లేపి చూద్దాం అనే ఆశ ఇప్పుడే వదిలేసుకో, 249 గ్రాములైనా సరే.

కదిరి_కెమెరా:
టైప్ సర్టిఫికెట్ అనే మాట ఇప్పుడే వింటున్నా అన్నా, వీడియోలు చేసేవాళ్లు ఒక్కరూ చెప్పలేదు. ఎగరేసేది ఎలాగూ ఊళ్లోనే, బెంగళూరులో కాదు. మావిక్ అతన్ని అడిగితే బిల్లు ఎక్కడో పోయిందంటున్నాడు. అయితే నాకు మిగిలింది ఆ దిగుమతి ఆపకముందు వచ్చిన 12 మెగాపిక్సెల్ పాత మినీలేనా? అది మరీ బొమ్మలాగా ఉండదా?

చెరువు_గట్టు:
బొమ్మ అనకండి, నా దగ్గరున్నది అదే, 2021లో బిల్లుతో కొన్న మినీ 2. సెన్సర్ చిన్నదే, 1/2.3 అంగుళాలు, వెలుగు తగ్గాక నాయిస్ బాగా వస్తుంది, ఒప్పుకుంటా. కానీ రా ఫైల్ (తర్వాత మనమే సరిదిద్దుకునే ముడి ఫోటో) ఇస్తుంది, ఎక్స్‌పోజర్ మార్చి వరుసగా మూడు ఫోటోలు తీసే మోడ్ ఉంది, ఆ మూడూ కలిపితే ఆకాశం తెల్లగా పోదు, చెరువు నీళ్లలో మెరుపూ నిలుస్తుంది. గోడకి పెట్టేంత ప్రింట్ వేయించాను, ఏ డ్రోన్ అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మీ మర్రిమాను సంగతి లెక్కేసి చూశా. 24 మి.మీ. లెన్స్‌తో 120 మీటర్ల ఎత్తు, అంటే ఆ 400 అడుగుల నుంచి నిలువుగా కిందికి చూస్తే నేల మీద పొడవు సుమారు 170 మీటర్లు, వెడల్పు 130 మీటర్లు పడుతుంది. ఆ మాను దాదాపు ఐదెకరాలు, అంటే గుండ్రంగా అనుకున్నా అడ్డంగా దాదాపు 160 మీటర్లు. ఒక్క ఫ్రేములో పట్టదు. మినీ 2 అయినా, మావిక్ 3 అయినా మామూలు లెన్స్ 24 మి.మీ. కాబట్టి కథ అంతే, 70 మి.మీ.తో అయితే కొమ్మలు తప్ప ఏమీ రావు. నాలుగైదు ఫోటోలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా తీసి కంప్యూటర్‌లో ఒకటిగా కుట్టుకోవాల్సిందే. అలా కుడితే 12 మెగాపిక్సెల్స్ అనే బాధ కూడా ఉండదు. అక్కడివాళ్లను ముందే అడిగి వెళ్లండి, గుడి ఉంది, జనం వస్తుంటారు.

తేలిక డ్రోన్‌తో అసలు టెన్షన్ గాలి. కింద ఆకు కదలకపోయినా వంద మీటర్ల పైన ఈడ్చేస్తుంది, అందుకే ముందు గాలికి ఎదురుగా పంపి, వచ్చేటప్పుడు గాలివాటున తెచ్చుకుంటాను. మినీ 2కి ముందూ పక్కలా ఏముందో కనబడదు, కింద ఒక్కటే చూసుకుంటుంది. రిటర్న్ హోమ్ (బటన్ నొక్కితే తనంతట తానే వెనక్కొచ్చేది) ఎత్తు చుట్టూ ఉన్న చెట్లకన్నా పైన పెట్టుకోండి. నేను ఒకసారి మర్చిపోయి బటన్ నొక్కితే తిన్నగా కొబ్బరి మట్టల్లోకి వెళ్లి కూర్చుంది. చెట్టెక్కిన పెద్దాయనకి ఐదొందలు, ఆయన దించి తెచ్చిన నాలుగు కాయలు ఫ్రీ. గద్ద వెంటబడితే మాత్రం కిందికి దించకండి, నిలువునా పైకి లేపండి, అది పైనుంచి దూకి కొడుతుంది కానీ నిటారుగా ఎక్కడం దానికి కష్టం.

గాలిపటం_09:
దేశీ డ్రోన్లు ఏవీ లేవా మరి? చెన్నై గరుడ ఏరోస్పేస్ వాళ్లు 2022లో ధోనీతో డ్రోణి అని ఒక కెమెరా డ్రోన్ విడుదల చేయించారు కదా.

రెండో_బ్యాటరీ:
ఉంది, నేను చేత్తో పట్టి చూడలేదు, అందుకే మాట్లాడను. ఐడియాఫోర్జ్ లాంటి వాళ్లవి సర్వేకి, నిఘాకి, మన చెరువు ఫోటోలకి కాదు.

కదిరి, పాత మినీ 2 తీసుకుంటే బిల్లు మీద తేదీ 2022 ఫిబ్రవరికి ముందుదై ఉండాలి. అమ్మేవాడి ముందే ఆన్ చేయించి, అతని అకౌంట్ నుంచి డ్రోన్‌ని తీసేయించు, లేకపోతే తర్వాత అతని చుట్టూ తిరగాలి. బ్యాటరీ ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో యాప్‌లో కనిపిస్తుంది, పొట్ట ఉబ్బితే ఆ బ్యాటరీ వద్దే వద్దు. గింబల్ (కెమెరాని కదలకుండా పట్టే చేయి) ఆన్ అవగానే వణికితే లేచి వచ్చేయ్. రెక్కలు అరిగినా పర్లేదు, చవకే.

కదిరి_కెమెరా:
కేఆర్ పురంలో ఒకటి దొరికింది, 2021 ఆగస్టు బిల్లు, మూడు బ్యాటరీలు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. చెరువు_గట్టు అక్కా, ఐదు ఫోటోలు కుట్టడమనే ఆలోచనే నాకు రాలేదు, లేకపోతే మావిక్ కొని మాను సగమే పడిందని ఏడ్చేవాణ్ణి. మా ఊళ్లో చెట్టెక్కే మనిషితో కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకుంటా.