ఇస్లామిక్ బ్యాంకులో నష్టం భరించేది ఖాతాదారుడైతే బోర్డును ప్రశ్నించేది ఎవరు?

ప్రశ్న (వాణిజ్యశాస్త్ర విద్యార్థి):

బ్యాంకుల కార్పొరేట్ గవర్నెన్స్ మీద వ్యాసం రాస్తున్నాను. ఇస్లామిక్ బ్యాంకులో డైరెక్టర్ల బోర్డు, ఆడిట్ కమిటీ, నియంత్రణ సంస్థలకు తోడు షరియా పర్యవేక్షక మండలి కూడా ఉంటుంది. వడ్డీ, జూదం, మితిమీరిన అనిశ్చితి నిషిద్ధం. ఇంత కాపలా ఉన్నప్పుడు ఈ బ్యాంకులు సాధారణ బ్యాంకుల కన్నా తక్కువ రిస్కు తీసుకోవాలి కదా? అయినా టర్కీలో ఇహ్లాస్ ఫైనాన్స్ అనే ఇస్లామిక్ ఫైనాన్స్ సంస్థ 2001 ఫిబ్రవరిలో లైసెన్సు పోగొట్టుకుని మూతపడింది. లోపం ఎక్కడుందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (బ్యాంకు ఆడిటర్):

షరియా మండలి కన్నా ముందు ఖాతాల స్వభావాన్ని చూడండి. సాధారణ బ్యాంకులో డిపాజిటరు రుణదాత. బ్యాంకు లాభపడినా నష్టపోయినా అతనికి అసలు, వడ్డీ చెల్లించాల్సిందే. ముదారబా ఒప్పందంపై నడిచే పెట్టుబడి ఖాతాలో సొమ్ము ఖాతాదారుడిది, నిర్వహణ బ్యాంకుది. లాభాన్ని ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే, బ్యాంకు నిర్లక్ష్యమో దుష్ప్రవర్తనో ఒప్పంద ఉల్లంఘనో రుజువైతే తప్ప, మొత్తం ఖాతాదారుడే భరించాలి. అంటే వాటాదారుడితో సమానంగా రిస్కు మోస్తాడు కానీ, వాటాదారుల సమావేశంలో అతనికి ఓటు లేదు, డైరెక్టరును ఎన్నుకునే హక్కూ లేదు.

ఇప్పుడు యాజమాన్యం వైపు నుంచి చూడండి. పెట్టుబడి ఫలిస్తే బ్యాంకుకు నిర్వాహకుడి వాటా వస్తుంది. విఫలమైతే పోయేది పరుల సొమ్ము. రిస్కు పెంచమని ప్రోత్సహించే ఏర్పాటు ఇంతకన్నా ఏముంటుంది? ఇహ్లాస్ నిధుల్లో పెద్ద భాగం సొంత గ్రూపు కంపెనీలకే వెళ్ళింది. ప్రత్యేక ఫైనాన్స్ సంస్థలని అక్కడ పిలిచే అటువంటి ఇస్లామిక్ సంస్థల ఖాతాలకు అప్పట్లో డిపాజిట్ బీమా రక్షణ లేదు. సొమ్ము ఎటు పోతోందో అడగవలసిన అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నవారికే అడిగే వేదిక లేకపోయింది. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

జవాబు (షరియా సమీక్ష విభాగంలో పనిచేసినవారు):

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ షరియా మండలి గురించిన అపోహను తొలగించాలి. ఆ మండలి చూసేది ఒప్పందం ధర్మబద్ధమా కాదా అన్నదే. ఉదాహరణకు మురాబహాలో, అంటే కొన్న ధర మీద లాభం కలిపి అమ్మే ఒప్పందంలో, బ్యాంకు ఒక యంత్రాన్ని 100కు కొని, వాయిదాల మీద 112కు అమ్ముతుందనుకోండి. అమ్మేముందు యంత్రం నిజంగా బ్యాంకు సొంతమైందా, కొన్న ధరను కొనుగోలుదారుకు వెల్లడించారా, ఆలస్యానికి వేసే జరిమానాను ఆదాయంలో కలపకుండా దానధర్మాలకు మళ్ళిస్తున్నారా అని మేము పత్రం వెంట పత్రం తిరగేసేవాళ్ళం. కొనుగోలుదారు 112 చెల్లించగలడా అన్న ప్రశ్న మా బల్ల మీదికి వచ్చేది కాదు. అది రిస్కు కమిటీ పని. నియమాలన్నీ పాటించిన మురాబహా కూడా మొండి బాకీ కావచ్చు. ఒకే రంగానికో ఒకే గ్రూపుకో ఇచ్చిన సొమ్ము ఎంత ధర్మబద్ధమైనదైనా ప్రమాదకరమే.

ఇస్లామిక్ ఫైనాన్స్ సంస్థలకు అకౌంటింగ్, ఆడిట్, గవర్నెన్స్ ప్రమాణాలు రూపొందించే బహ్రెయిన్‌లోని ఆయోఫీ ప్రమాణాల ప్రకారం మండలిలో కనీసం ముగ్గురు పండితులుండాలి, వారిలో బ్యాంకు డైరెక్టర్లు ఉండకూడదు. అయినా వారికి పారితోషికం ఇచ్చేది ఆ బ్యాంకే, పైగా ఒకే పండితుడు అనేక బ్యాంకుల మండళ్ళలో కూర్చోవడం ఈ రంగంలో సర్వసాధారణం. మలేషియా 2013 ఇస్లామిక్ ఆర్థిక సేవల చట్టం షరియా ఉల్లంఘనకు ఎనిమిదేళ్ళ వరకు జైలు, రెండున్నర కోట్ల రింగిట్ల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. కఠినమైన, అవసరమైన నిబంధనే. కానీ అది కూడా ధర్మబద్ధతకు కాపలా కాస్తుందే తప్ప రుణ వివేకానికి కాదు.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం. నష్టం నిజంగా ఖాతాదారుడిదే అయితే, రాబడి పడిపోయిన ఏడాది కూడా చాలా ఇస్లామిక్ బ్యాంకులు మార్కెట్ స్థాయి రాబడినే ఎలా పంచుతున్నాయి?

జవాబు (బ్యాంకు ఆడిటర్):

ఖాతాదారులు సొమ్ము తీసుకుని వేరే బ్యాంకుకు వెళ్ళిపోతారన్న భయంతో. నిధి 6 శాతం ఆర్జించిన ఏడాది 5 పంచి, మిగిలింది లాభ సమీకరణ నిల్వలో దాస్తారు. 3 ఆర్జించిన ఏడాది ఆ నిల్వ తీసి మళ్ళీ 5 పంచుతారు. నిల్వ చాలకపోతే బ్యాంకు తన నిర్వాహక వాటాను వదులుకుంటుంది. ఒప్పందం ప్రకారం ఖాతాదారుడు మోయవలసిన రిస్కు ఇలా వాటాదారుల మీదికి మళ్ళుతుంది.

దీన్ని కొలవడానికే కౌలాలంపూర్‌లోని ఐఎఫ్‌ఎస్‌బీ (ఇస్లామిక్ ఆర్థిక సంస్థలకు ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ మండలి) తన మూలధన ప్రమాణంలో ఆల్ఫా అనే అంశాన్ని పెట్టింది. పెట్టుబడి ఖాతాల ఆస్తుల్లో ఎంత వంతు రిస్కు బ్యాంకు మీద పడుతుందో అది చెబుతుంది. రిస్కును బట్టి లెక్కగట్టిన ఆస్తులు 1000, అందులో పెట్టుబడి ఖాతాల సొమ్ముతో కొన్నవి 600, బ్యాంకు మూలధనం 80 అనుకుందాం. నిల్వలను పక్కన పెడదాం. ఆల్ఫా సున్నా అయితే లెక్కలోకి వచ్చేవి 400 మాత్రమే, మూలధన నిష్పత్తి (ఆ ఆస్తులతో పోలిస్తే మూలధనం) 20 శాతం. ఆల్ఫా 1 అయితే 1000 మొత్తం లెక్కలోకి వచ్చి నిష్పత్తి 8 శాతానికి దిగుతుంది. ఆల్ఫా 0.3 అయితే 580 మీద దాదాపు 13.8. బ్యాంకు అదే, పుస్తకాలు అవే; నష్టం ఎవరిదన్న నిర్ణయాన్ని బట్టి అది దృఢంగానో బలహీనంగానో కనబడుతుంది. ఆ విలువను నిర్ణయించే అధికారం నియంత్రణ సంస్థదే కావాలి, బ్యాంకుకు వదిలేయకూడదు.

ఈ అయోమయాన్ని మలేషియా వేరే దారిలో పరిష్కరించింది. 2013 చట్టం అసలుకు హామీ ఉన్న డిపాజిట్లను, హామీ లేని పెట్టుబడి ఖాతాలను స్పష్టంగా విడదీసింది. తరువాత సొమ్ములో అధిక భాగం హామీ ఉన్న వైపుకే, ముఖ్యంగా తవర్రుఖ్ (సరుకును అరువుకు కొని, వెంటనే మరొకరికి నగదుకు అమ్మే ఏర్పాటు) ఆధారిత డిపాజిట్లకు మళ్ళింది. ఈ కొనుగోలు, అమ్మకాలను బ్యాంకే ఏర్పాటు చేసే సంస్థాగత తవర్రుఖ్ సమ్మతం కాదని ముస్లిం దేశాల కూటమి ఓఐసీకి చెందిన ధర్మశాస్త్ర సంస్థ ఫిఖ్ అకాడమీ 2009లోనే తీర్మానించినా అలాగే జరిగింది.

మీ వ్యాసానికి ఒక సూచన. ఏ ఇస్లామిక్ బ్యాంకు వార్షిక నివేదిక చేతికొచ్చినా షరియా మండలి ధ్రువపత్రం దగ్గర ఆగిపోకండి. సమీకరణ నిల్వ ఏడాదికేడాది పెరిగిందా కరిగిందా, సంబంధిత పక్షాలకు ఇచ్చిన మొత్తం ఎంత, నిర్వాహక వాటాను బ్యాంకు వదులుకుందా అన్న మూడు అంశాలను అనుబంధ పట్టికల్లో వెతకండి. నిల్వ వరుసగా కరిగిపోతున్నా పంచే రాబడి కదలకుండా ఉంటే, ఆ బోర్డులోని రిస్కు కమిటీని మీరు ప్రశ్నించడం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.