ఎత్తబడటం శ్రమలకు ముందా, తర్వాతా? మీ సంఘాల్లో ఏం బోధిస్తున్నారు?

పెరంబూరు తమ్ముడు:

అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా తెలుగు సంఘానికి బయటి ఊరి నుంచి ఒక దైవసేవకుడు వచ్చారు. రాకడ, అంటే ప్రభువు తిరిగి రావడం మీద మూడు గంటలు బోధించారు. లోకాంతానికి ముందు వచ్చే ఏడేండ్ల శ్రమలు మొదలవకముందే సంఘం ఎత్తబడుతుంది, అంటే విశ్వాసులు ప్రభువు దగ్గరికి పైకి తీసుకోబడతారు, విడిచిపెట్టబడినవాళ్ళు క్రీస్తు విరోధి చేతిలో పడతారు, సూచనలన్నీ నెరవేరిపోయాయి అన్నారు. ఇంటికొచ్చాక మా అక్క కొడుకు (పన్నెండో తరగతి) పుస్తకాల సంచి మంచం కిందికి తోసేసి "ఇంకా పరీక్షలెందుకు మామయ్యా?" అన్నాడు. చదువు ఎగ్గొట్టడానికి అన్న మాట కాదది. రాత్రి రెండుసార్లు లేచి అమ్మ పక్కనే ఉందా లేదా అని తడిమి చూసుకున్నాడట.

ఆ భయం నాకూ తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అమ్మ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, అమ్మ లేదు. ఎత్తబడిపోయింది, నన్ను వదిలేశారు అనుకుని నేలమీద కూలబడి ఏడ్చాను. నీళ్ళ లారీ వచ్చిందని కాళ్ళకి చెప్పులైనా వేసుకోకుండా బిందెలు పట్టుకుని పరుగెత్తిందంతే. ఆ పది నిమిషాలు నాకిప్పటికీ గుర్తే.

ఇంకోటి. 1999లో మేం వెళ్ళే ఒక సంఘంలో 2000 దాటదని గట్టిగా చెప్పారు. నాన్న పీఎఫ్ డబ్బులో సగం తీసి సువార్త కరపత్రాలకి ఇచ్చేశారు. అక్క నర్సింగు చదువు ఆగిపోయింది. 2000 వచ్చింది, వెళ్ళింది. తప్పయిందని ఆ బోధకుడు నాన్నకి ఒక్క మాట చెప్పలేదు.

రాకడను నేను నమ్ముతాను. అందులో సందేహం లేదు. నేనడిగేది ఒకటే: శ్రమలకు ముందే మనం వెళ్ళిపోతామని వాక్యంలో నిజంగా ఉందా, లేక మనం అలా చదువుతున్నామా?

కొళత్తూరు పెద్దాయన:

వందనాలు తమ్ముడూ. నలభై ఏళ్ళుగా ఈ నిరీక్షణతో బతుకుతున్నవాణ్ణి, జవాబు చెప్పకపోతే తప్పవుతుంది.

తేదీలు పెట్టడం పాపం. "ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు" తండ్రికి మాత్రమే తెలుసని ప్రభువే చెప్పాక మనమెవరం? మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. కానీ ఎవరో తప్పుడు లెక్క కట్టారని బోధనే కొట్టేయకు.

మొదటి థెస్సలొనీక 5:9 చూడు. దేవుడు మనల్ని ఉగ్రతపాలగుటకు నియమింపలేదు. ప్రకటన 3:10లో ఫిలదెల్ఫియ సంఘానికి శోధన కాలంలో కాపాడతానన్న వాగ్దానం ఉంది. తెలుగులో "కాలములో" అన్నారు గానీ గ్రీకులో "నుండి" అనే మాట. ప్రకటన గ్రంథం మొదటి మూడు అధ్యాయాల్లో సంఘం అనే మాట పదేపదే వస్తుంది. నాలుగో అధ్యాయం నుంచి తీర్పులన్నీ ముగిసేదాకా మళ్ళీ కనబడదు, 22:16లో తిరిగి వస్తుంది. దానియేలు 9లో డెబ్బది వారములు ఇశ్రాయేలుకి, యెరూషలేముకి నియమించినవి. అక్కడ వారమంటే ఏడేళ్ళు. అరవై తొమ్మిది మెస్సీయతో ముగిశాయి. మిగిలిన ఆ ఒక్క వారమే ఏడేండ్ల శ్రమలు. అది సంఘానికి సంబంధించింది కాదు.

మూడేళ్ళ కిందట నా భార్యని కీల్పాక్ సమాధుల తోటలో పెట్టినప్పుడు అక్కడ చదివింది మొదటి థెస్సలొనీక 4. "మేఘములమీద కొనిపోబడుదుము." ఏ క్షణమైనా అన్న ఆ మాట మీదే నేను పొద్దున్నే లేస్తున్నాను.

వేళచ్చేరి అక్క:

పెద్దాయనా, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నాకు తెలిసిన చరిత్ర కూడా చెప్పాలి.

మాది నర్సాపురం దగ్గర. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి డెల్టాలో సువార్త మొదలుపెట్టారు. మా తాతలు ఆ సహోదరుల (బ్రెదరెన్) సంఘాల్లో పుట్టినవాళ్ళే. తాతయ్య దగ్గర మంచం దుప్పటంత గుడ్డ చార్టు ఉండేది. ఏడు యుగాలకి ఏడు గుండ్రాలు, శ్రమల భాగానికి ఎరుపు, క్రీస్తు వెయ్యేండ్ల పాలనకి పసుపు. సిలువ నుంచి పైకి ఒక బాణం, మళ్ళీ కిందికి ఒక బాణం. మడతల దగ్గర రంగు రాలిపోతే అమ్మమ్మ పసుపు నీళ్ళతో మళ్ళీ దిద్దేది. అది ఆదిసంఘం నుంచి వచ్చిందని పెద్దయ్యేదాకా అనుకున్నాను.

ఆ చార్టులోని క్రమాన్ని, అంటే సంఘం ముందు రహస్యంగా ఎత్తబడటం, తర్వాత ఏడేళ్ళు, తర్వాత బహిరంగంగా రాకడ, ఇలా పేర్చి బోధించినవాడు 1830ల్లో ఆ సహోదరుల నాయకుల్లో ఒకడైన జాన్ నెల్సన్ డార్బీ. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్సు బైబిలు ఆ వివరణను వాక్యం కిందే అచ్చువేసి అమెరికా అంతా చేర్చింది. పేజీలో పైన వాక్యం, కింద వివరణ. రెండిటికీ తేడా చెరిగిపోయింది. డార్బీ కాలంలోనే, ఆ సహోదరుల మధ్యే, ఇంగ్లండులోని ప్లిమత్‌లో బెంజమిన్ న్యూటన్ దీన్ని ఒప్పుకోలేదు. సంఘం శ్రమల గుండానే వెళ్తుందన్నాడు. మరి ఇది తేలిపోయిన సంగతి ఎప్పుడైంది?

ప్రకటన 3:10లో మీరు చెప్పిన "నుండి కాపాడు" యోహాను 17:15లో కూడా ఉంది. అక్కడ ప్రభువు ఏమన్నాడు? లోకంలో నుంచి వారిని తీసికొనిపొమ్మని ప్రార్థించుటలేదు, దుష్టుని నుండి కాపాడుమని ప్రార్థిస్తున్నాను అన్నాడు. అంటే లోకంలో ఉంచే కాపాడటం. ఇక సంఘం అనే మాట కనబడకపోయినా ప్రకటన 13:7లో మృగం యుద్ధం చేసేది పరిశుద్ధులతోనే కదా. వాళ్ళు ఎవరు?

కొళత్తూరు పెద్దాయన:

అమ్మా, ఒక సత్యం ఆలస్యంగా బయటపడితే అబద్ధం అయిపోదు. విశ్వాసమూలంగా నీతిమంతులవడం గురించి లూథరు 1517 తర్వాతే గదా గట్టిగా ఎత్తి చెప్పాడు. డార్బీ కొత్తగా కనిపెట్టాడా, మరుగుపడినదాన్ని తీశాడా అన్నది వాక్యం దగ్గరే తేలాలి. ఆ పరిశుద్ధులు శ్రమల కాలంలో నమ్మినవాళ్ళు.

పెరంబూరు తమ్ముడు:

వాక్యం దగ్గరికే వస్తాను పెద్దాయనా. వారం నుంచి మొదటి థెస్సలొనీక 4:17నే తిప్పి తిప్పి చదువుతున్నాను. "కొనిపోబడుదుము" దగ్గర మనం ఆగిపోతున్నాం. దేనికి కొనిపోబడతాం? "ప్రభువును ఎదుర్కొనుటకు."

ఎదుర్కోవడం అంటే ఇప్పుడు మనకి కష్టాన్ని ఎదుర్కోవడం. మన పెళ్ళిళ్ళలో మాత్రం ఆ మాట పాత అర్థంతోనే ఉంది: ఎదురుకోలు. పెళ్ళికొడుకు వాళ్ళు ఊరి పొలిమేరకు వచ్చారని తెలిస్తే ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, వాళ్ళని వెంటబెట్టుకుని విడిదికి తీసుకొస్తారు. ఎదురెళ్ళినవాళ్ళు అటునుంచటే పెళ్ళికొడుకు ఊరికి వెళ్ళిపోరు.

పౌలు వాడిన గ్రీకు మాట అపాంతేసిస్ కొత్త నిబంధనలో ఇంకో రెండు చోట్ల కనబడుతుంది. మత్తయి 25:6లో "ఇదిగో పెండ్లికుమారుడు, అతనిని ఎదుర్కొన రండి" అన్న కేక. అక్కడ కన్యకలు ఎదురెళ్ళి ఆయనతో పాటు పెండ్లి విందుకు లోపలికి వచ్చారు. అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు అప్పీయా సంతపేట దాకా వచ్చి పౌలును ఎదుర్కొన్నారు. తర్వాత పౌలుతో కలిసి ఎటు వెళ్ళారు? రోమాకే. తాము బయల్దేరిన ఊరికే.

మన తెలుగు బైబిలు తర్జుమా చేసినవాళ్ళు ఈ మూడు చోట్లా ఒకే మాట పెట్టారు. వాళ్ళకి మనసులో ఎదురుకోలు ఉందనే నేను నమ్ముతున్నాను. రాజు వస్తున్నాడు, మనం పొలిమేర దాకా వెళ్ళి తీసుకొస్తాం. మా మేనల్లుడికి చెప్పింది మాత్రం రాజు వచ్చి తనవాళ్ళని పట్టుకుని పారిపోతాడని. ఈ రెండు కథలూ ఒకటి కావు.

కొళత్తూరు పెద్దాయన:

ఎదురుకోలు చెప్పావు, బాగుంది. నిజంగా బాగుంది, నేనెప్పుడూ అలా చూడలేదు. కానీ పెళ్ళి అక్కడితో అయిపోతుందా? అప్పగింతలు మరిచిపోయావు. పెళ్ళికూతుర్ని అత్తవారింటికి పంపాలి. యోహాను 14:3లో ప్రభువు చెప్పింది అదే: స్థలం సిద్ధపరచి, మరల వచ్చి, "నాయొద్ద నుండుటకు మిమ్మును తీసికొనిపోవుదును."

తాంబరం:

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మీ ఇద్దరూ రాకడ సూచనలు చెప్పిన మత్తయి 24 మొత్తం భవిష్యత్తు అనుకుంటున్నారు. ఆ అధ్యాయం మొదలయ్యేదే దేవాలయం రాయి మీద రాయి నిలవదన్న మాటతో. "ఈ తరము గతింపదు" అని 34వ వచనం. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేమును కాల్చింది. రోములో తీతు తోరణం మీద దేవాలయపు ఏడు కొమ్మల దీపస్తంభాన్ని ఎత్తుకెళ్తున్న సైనికుల బొమ్మ ఈ రోజుకీ ఉంది. ఆ మాట ఆ తరంలోనే నెరవేరింది. 1948లో ఇశ్రాయేలు ఏర్పడింది, దానికి ఒక తరం అంటే నలభై ఏళ్ళు కలిపితే 1988 అని లెక్క కట్టినవాళ్ళు ఈ వచనాన్నే పట్టుకుని పడిపోయారు.

ఇద్దరు పొలంలో ఉంటే ఒకడు తీసికొనిపోబడును అన్నదీ నోవహు మాట వెంటే వస్తుంది. అక్కడ కొట్టుకుపోయింది చెడ్డవాళ్ళు. మిగిలింది నోవహు.

వేళచ్చేరి అక్క:

తమ్ముడూ, 34 వరకు ఒప్పుకుంటాను. మొత్తం క్రీ.శ. 70లోనే అయిపోయిందంటే మాత్రం ఒప్పుకోను. మనుష్యకుమారుడు వచ్చుట అందరూ చూస్తారన్నది ఇంకా జరగలేదు. పెద్దాయన పక్షాన ఒక మాట: వెయ్యేండ్ల పాలన భూమ్మీద నిజంగా ఉంటుందన్న నమ్మకం చాలా పాతది. రెండో శతాబ్దంలో సంఘ బోధకులు జస్టిన్, ఐరేనియస్ ఇద్దరూ అలాగే నమ్మారు. దాన్ని ఇప్పటి సంఘ కాలంగా చదవడం ఐదో శతాబ్దపు అగస్టీను తర్వాతే బలపడింది. కానీ అదే జస్టిన్, భక్తిగల నిజ క్రైస్తవుల్లో చాలామంది తనలా అనుకోరని కూడా రాశాడు. నాకు నచ్చేది అది. వాళ్ళని సంఘం నుంచి వెలేయమనలేదు.

అంబత్తూరు:

మా గుంపులో ఆధార్ అంటే ప్రకటన 13లోని మృగం సంఖ్య 666 అని, ఫోన్లో స్కాన్ చేసే గళ్ళు మృగం ముద్ర అని రోజూ మెసేజీలు. అమ్మ రేషన్ కార్డుకి వేలిముద్ర వేయడానికే భయపడుతోంది. ఎవరైనా చెప్పండి.

వేళచ్చేరి అక్క:

అమ్మకి భయం లేదని చెప్పండి. హెబ్రీలో అక్షరాలే అంకెలు. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరు (నెరోన్ కేసర్) రాస్తే 50, 200, 6, 50, 100, 60, 200. కూడి చూడండి, 666. నెరోన్‌లో చివరి "న్" తీసేసి రాసే పద్ధతి కూడా ఉంది, అప్పుడు 616 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో నిజంగా 616 అనే ఉంది. అందుకే చాలామంది పండితులు ఇది సంఘాన్ని హింసించిన నీరో గురించేనంటారు. ఇక ముద్ర చెప్పిన 13వ అధ్యాయం అవ్వగానే 14:1లో గొఱ్ఱెపిల్ల వెంట ఉన్నవాళ్ళ నొసళ్ళ మీద తండ్రి నామం రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ సిరా అనరు. రెండూ ఎవరిని ఆరాధిస్తున్నాం అన్న ప్రశ్న. రేషన్ బియ్యం తెచ్చుకోమనండి.

పెరంబూరు తమ్ముడు:

పెద్దాయనా, అప్పగింతల మాట నన్ను రెండు రోజులు పట్టుకుంది. దానికి నా జవాబు ప్రకటన 21:2. భర్త కొరకు అలంకరింపబడిన పెండ్లికుమార్తె పరలోకం నుంచి కిందికి దిగి వస్తోంది. "దేవుని నివాసము మనుష్యులతో కూడ ఉన్నది" అన్న స్వరం ఆ వెంటే వినబడుతుంది. ప్రభువు సిద్ధపరచిన స్థలం చివరికి ఇక్కడికే వస్తుందని నాకనిపిస్తోంది. ఒప్పుకోమని అడగను, ఆలోచించండి.

ఇదంతా నాకెందుకంటే, ఎటు నమ్మితే అటు బతుకుతాం. రోజూ తిరువాన్మియూరు వైపు వెళ్ళే రైల్లో కిటికీ కింద బకింగ్‌హాం కాలువ కనబడుతుంది. ఇప్పుడది నల్లటి మురుగు. 1876 నుంచి 78 దాకా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన సర్వేయరు. ఆకలితో వచ్చిన వేలమందికి గంప, గునపం, కూలి ఇచ్చాడు. మా ముత్తాత తండ్రి ఆ మట్టి మోసినవాళ్ళలో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళు క్లౌ బాప్తిస్మం ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. లోకం ముగిసిపోతున్నట్టే ఉన్న ఆ ఏళ్ళలో ఆయన కాలువ కొలతలు వేసుకుంటూ కూర్చున్నాడు.

1844లో అమెరికాలో, అక్టోబరు 22న ప్రభువు వస్తాడన్న విలియం మిల్లర్ ఉద్యమం మాట నమ్మి కొందరు రైతులు పంట కోయకుండా పొలంలో వదిలేశారు. నాన్న వాళ్ళలాంటివాడే. నాన్న విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. తిరిగొచ్చేది రాజు అని నమ్మాడు, అంతే. కానీ అక్క చదువు ఆ విశ్వాసానికి ఖరీదు కాకూడదు, మా మేనల్లుడి పరీక్షలూ కాకూడదు.

కొళత్తూరు పెద్దాయన:

తమ్ముడూ, కాలువ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళు దాని పక్కనుంచే వెళ్ళాను.

నీ వాదన అంతా ఒప్పుకున్నానని అనుకోకు. పిల్లలకి ఈ బోధ భయంగా చేరుతోందంటే మాత్రం తప్పు మా పెద్దలది. పౌలు ఆ మాట రాసింది దుఃఖపడేవాళ్ళని ఆదరించడానికి, 4:18లో "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అనే ముగించాడు. ఆ పిల్లవాడికి పరీక్ష ఎప్పుడు? శనివారం సాయంత్రం ఆరింటికి మీ ఇంటికి వస్తాను. వాడితో మొదటి థెస్సలొనీక 4 నేను కూర్చుని చదువుతాను, భయం లేకుండా. తర్వాత నీతో రెండో థెస్సలొనీక 2. పాపపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, ముందు బయలుపడాలి అన్న మూడో వచనం నా పక్షానికి గట్టి ఇబ్బందే, కానీ ఏడో వచనంలో అతణ్ణి అడ్డగించువాడు ఎవరో నువ్వు చెప్పాలి.

పెరంబూరు తమ్ముడు:

సోమవారం ఫిజిక్సు పెద్దాయనా. రండి, అమ్మ చేపల పులుసు చేస్తానంది. అడ్డగించువాడి గురించి నేనూ చదివి ఉంచుతాను.