గ్రేలింగ్ చేప మా నకిలీ ఈగ దాకా వచ్చి తిరిగిపోతోంది, లైన్ ఎలా వెయ్యాలి?

అలాస్కాలో డెనాలి హైవే మీద, టాంగిల్ లేక్స్ దగ్గర నాన్నతో కలిసి మూడు రోజులు ఫ్లై ఫిషింగ్ (గాలానికి కట్టిన నకిలీ ఈగతో చేపలు పట్టడం) చేశాను. ఒక్క చేప కూడా పడలేదు. పెట్రోలు, సామాన్ల కోసం ఫెయిర్‌బ్యాంక్స్ వచ్చాం, శుక్రవారం మళ్ళీ వెళ్తున్నాం. ఆ తర్వాత నాన్న ఇండియా వెళ్ళిపోతారు, అందుకే నాకింత టెన్షన్.

చేపలు లేక కాదు. రాత్రి 9 నుంచి 11 దాకా (జూన్ కదా, వెలుతురు పోదు) నీటి మీద సుడులు లేస్తూనే ఉంటాయి. గ్రేలింగ్ తెరచాప లాంటి వీపు రెక్క విప్పుకుని పైకొస్తుంది, మా ఈగ కింద జానెడు దూరం దానితో పాటే వచ్చి, ముట్టకుండా కిందికి దిగిపోతుంది.

9 అడుగుల 5 వెయిట్ (మధ్యరకం) రాడ్, నీటి మీద తేలే ఫ్లోటింగ్ లైన్, దాని చివర 9 అడుగుల లీడర్ (సన్నటి దారం). మొదట 14 నంబర్ ఎల్క్ హెయిర్ క్యాడిస్ ఈగ కట్టాం, తర్వాత ఇంకా చిన్నది, 16 నంబర్ ఆడమ్స్. టిప్పెట్ (ఈగకి కట్టే చివరి దారం) 5ఎక్స్ నుంచి ఇంకా సన్నటి 6ఎక్స్‌కి మార్చాం. తేడా లేదు.

నా అనుమానం లాగుడు (ఈగని నీటితో పాటు తేలనివ్వకుండా లైన్ ఈడ్చడం) మీదే. ఏటి ఒడ్డు నుంచి అడ్డంగా వేస్తున్నాం. మధ్యలో వడి ఎక్కువ, చేపలున్న అవతలి వైపు నెమ్మది. లైన్ విల్లులా వంగి, రెండు మూడు సెకన్లకే ఈగ వెనక నీటి మీద సన్నటి గీత పడుతోంది. లైన్‌ని ఎగువకి తిప్పి వేద్దామంటే (మెండింగ్) ప్రతిసారీ ఈగ కూడా కదిలిపోతోంది. నాన్నకి మోకాళ్ళ నొప్పి, నీళ్ళలోకి దిగలేరు.

ఒడ్డు మీద నిలబడే, ఆ వడికి అవతల ఈగ కనీసం ఐదారు సెకన్లు లాగుడు లేకుండా తేలాలంటే లైన్ ఎలా వెయ్యాలి?